లండన్‌లో బాంబులు పడ్డ చర్చి, ఇప్పుడు తోట

టవర్ ఆఫ్ లండన్‌కి వెళ్లేవాళ్లు అక్కణ్ణుంచి కాస్త నడిచి సెయింట్ డన్‌స్టన్ ఇన్ ది ఈస్ట్ కూడా చూసి రండి. టవర్‌కి మనిషికి 30 పౌండ్ల పైనే టికెట్, లోపల ఒకటే జనం, రాజకిరీటాల దగ్గర క్యూ. ఇక్కడ పైసా అక్కర్లేదు, నాకైతే ఇదే ఎక్కువ నచ్చింది.

చాలా చిన్న జాగా, గబగబా తిరిగితే ఐదు నిమిషాల్లో అయిపోతుంది. 1666 లండన్ అగ్నిప్రమాదంలో దెబ్బతిన్న పాత చర్చికి ఆర్కిటెక్ట్ క్రిస్టఫర్ రెన్ శిఖరం కట్టించాడు, మిగతా భాగాన్ని 1817లో మొదలుపెట్టి మళ్లీ కట్టారు, తీరా 1941లో జర్మన్ బాంబులకు ఆ కొత్త భాగమే కొన్ని గోడలు తప్ప కూలిపోయింది, రెన్ శిఖరం మాత్రం నిలబడింది! అక్కడి నగరపాలక సంస్థ సిటీ కార్పొరేషన్ తిరిగి కట్టే పని పెట్టుకోకుండా తోట వేయించి 1971లో తెరిచింది. పైకప్పు లేదు, కిటికీలకు అద్దాల్లేవు, రాతి చట్రాల్లోంచి తీగలు ఇవతలికి పాకాయి. దగ్గరికెళ్లి చూస్తే కొన్నిచోట్ల ఏది రాయో ఏది కాండమో తెలియదు. మధ్యలో నేలకి ఆనినట్టుండే చిన్న ఫౌంటెన్, చుట్టూ బెంచీలు. ఫొటోలో వెనక ఆఫీసు బిల్డింగులు పడకుండా తీయడం కష్టమే, నేనైతే పడనిచ్చాను.

పొద్దున 8కి తెరుస్తారు, అప్పుడే వెళ్లండి. మధ్యాహ్నమైతే చుట్టుపక్కల ఆఫీసులవాళ్లు శాండ్‌విచ్‌లతో వచ్చేస్తారు, బెంచీ దొరకదు. సెయింట్ పాల్స్ కెథెడ్రల్ దగ్గర క్రైస్ట్‌చర్చ్ గ్రేఫ్రయర్స్ అని ఇలాంటిదే ఇంకో తోట ఉంది, అక్కడి చర్చి రెన్ కట్టిందే, 1940 డిసెంబర్ 29 రాత్రి బాంబులకు కాలిపోయింది. కాకపోతే పక్కనే రోడ్డు, బస్సుల మోత. అటు వెళ్లినప్పుడు చూస్తే చాలు.

బస విషయానికొస్తే, దగ్గర్లోనే ఉందామని సిటీలో (లండన్ నడిబొడ్డున ఆఫీసులుండే పాత ప్రాంతం) ఓ హోటల్ తీసుకున్నాం, అగ్గిపెట్టంత గది, చెకౌట్ అయ్యాక సామాన్లు ఉంచుకోవడానికి కూడా డబ్బులడిగారు. దాని బదులు తూర్పు లండన్‌లో ఈస్ట్ హామ్ వైపు ఉంటే నయం, ఇడ్లీ దోసెలకి లోటుండదు, డిస్ట్రిక్ట్ లైన్ మెట్రో ఎక్కితే మారకుండా తోటకి దగ్గర్లోని మాన్యుమెంట్ స్టేషన్‌లో దిగొచ్చు. తోటలో టాయిలెట్ లేదు, పెద్దవాళ్లుంటే టవర్ దగ్గరే ఆ పని చూసుకుని బయల్దేరండి.