విక్టోరియా జలపాతం: జాంబియా ఒడ్డు మేలా, జింబాబ్వే ఒడ్డు మేలా?

జలపాతం ఒకటే, దేశాలు రెండు. జాంబెజీ నదికి ఈ ఒడ్డున జాంబియాలోని లివింగ్‌స్టన్, ఆ ఒడ్డున జింబాబ్వేలోని విక్టోరియా ఫాల్స్ ఊరు. జొహానెస్‌బర్గ్ నుంచి రెండింటికీ విమానాలున్నాయి. "ఏ వైపు దిగమంటావ్?" అని తెలిసినవాళ్లు అడిగితే, "మీకు సెలవులు ఎప్పుడు?" అని నేను తిరిగి అడుగుతాను. ఏప్రిల్-మే జలపాతం వేరు, అక్టోబరు జలపాతం వేరు. నేను రెండూ చూశాను. ఒకసారి వేసవి సెలవుల్లో అమ్మతో, పిల్లలతో. ఇంకోసారి అక్టోబరులో బావతో.

అక్కడ వానలు నవంబరు నుంచి మార్చి దాకా పడతాయి. కానీ ఎగువన అంగోలాలో, పశ్చిమ జాంబియాలో కురిసిన నీరు బారోట్సే మైదానాల్లో పరుచుకుని తీరిగ్గా కిందికి దిగుతుంది. అందుకే వానలు తెరిపిచ్చాక, ఏప్రిల్‌లో వరద ముదురుతుంది. మన బడి సెలవులకు సరిగ్గా కలిసొస్తుంది. 1,708 మీటర్ల వెడల్పున నది నదంతా వంద మీటర్ల లోతుకు పడుతుంటే, అక్కడివాళ్లు దాన్ని మోసి-ఓవా-తున్యా, అంటే ఉరిమే పొగ అని ఎందుకన్నారో గేటు దగ్గరే తెలిసిపోతుంది. వాన పైనుంచి కాదు, లోయలోంచి పైకి లేచి మన మీద పడుతుంది. అద్దెకు తీసుకున్న రెయిన్‌కోట్లు ఐదు నిమిషాలు కూడా ఆగలేదు. అమ్మ కళ్లజోడు తుడుచుకుందామని కొంగు కోసం వెతికితే, కోటు లోపల చీర కూడా తడిసి ముద్దయి ఉంది. ఆమె కళ్లజోడు తీసేసి, కళ్లు మూసుకుని, ఆ హోరు వింటూ చాలాసేపు అలాగే నిలబడిపోయింది.

ఆ నెలల్లో పెద్దవాళ్లతో, పిల్లలతో వెళ్తే జింబాబ్వే ఒడ్డే మేలు. జలపాతంలో దాదాపు ముప్పావు భాగం అటునుంచే ఎదురుగా కనిపిస్తుంది, నడిచే దారి కూడా సుఖంగా ఉంటుంది. టికెట్ ధర జాంబియా వైపు కంటే ఎక్కువే, అయినా ఇచ్చిన డబ్బుకు న్యాయం జరుగుతుంది. కాకపోతే వరద బాగా ఉన్న రోజున నడిమి భాగం దగ్గర తెల్లటి పొగ తప్ప ఏమీ కనబడదు. అప్పుడు పడమటి చివర ఉన్న డెవిల్స్ కాటరాక్ట్ దగ్గరికి వెళ్లండి, అక్కడ నీటి పోటు కళ్లారా చూడొచ్చు. జాంబియా వైపు నైఫ్ ఎడ్జ్ వంతెన నీటికి ఇంకా దగ్గర. కుర్రాళ్లకు బాగుంటుంది గానీ జారుతుంది, మా అమ్మను అటు తీసుకెళ్లలేదు.

అక్టోబరుకు లెక్క తారుమారవుతుంది. జాంబియా వైపున్న తూర్పు భాగం చాలావరకు నల్లరాయిగా మిగులుతుంది. ఉన్న నీటిలో కొంత అక్కడి జలవిద్యుత్ కేంద్రానికి కూడా పోతుంది. ఏజెంటు ఈ సంగతి చెప్పకుండా లివింగ్‌స్టన్‌కు బుక్ చేసి, రాళ్లు చూసి ఉసూరుమన్న కుటుంబాన్ని మేము కలిశాం. డబ్బు కూడబెట్టుకుని అంతదూరం వచ్చినవాళ్లకు అలా జరగడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంది. జింబాబ్వే వైపు మాత్రం నీరు ఏడాదంతా పడుతూనే ఉంటుంది.

సాహసం కావాలంటే మాత్రం ఆ ఎండు నెలల్లో జాంబియాదే పైచేయి. జలపాతం అంచునే ఉన్న డెవిల్స్ పూల్ అనే నీటి మడుగులో దిగాలంటే లివింగ్‌స్టన్ ద్వీపం మీదుగా వెళ్లాలి, అది జాంబియా నుంచే. సుమారు ఆగస్టు చివరి నుంచి జనవరి మొదట్లో దాకా, నీటిమట్టాన్ని బట్టి తెరుస్తారు. ఈత రాకపోతే ఆశ వదులుకోండి. రాఫ్టింగ్‌కు కూడా నీరు తగ్గిన ఆ నెలలే మంచివి. రెండు దేశాలనూ కలిపే 1905 నాటి వంతెన మీద 111 మీటర్ల బంజీ జంప్‌కు ఏ ఒడ్డున దిగినా ఒకటే.

ఇక జంతువులు. వేసవి సెలవుల్లో గడ్డి ఏపుగా ఉంటుంది, ఎటు చూసినా నీళ్లే, జంతువులు చెదిరిపోతాయి. అక్టోబరులో అయితే విక్టోరియా ఫాల్స్ నుంచి రెండు, రెండున్నర గంటల దూరంలో ఉన్న హ్వాంగే పార్కుకు తప్పకుండా వెళ్లండి. అక్కడ ఏడాది పొడవునా పారే నది లేదు, బోరు నీటిని పంపులతో కుంటల్లోకి వదులుతారు. న్యామంద్లోవు మంచె మీద కూర్చుని ఒక సాయంత్రమంతా చూశాం. బురద నీళ్లయితే ఏనుగులన్నీ తాగుతాయి గానీ, పైపులోంచి వచ్చే తేట నీటి దగ్గరకు పెద్ద ఏనుగు తొండం పెట్టిందంటే ఇంకేదీ దగ్గరకు రాదు. చిన్నవి దాని కాళ్ల మధ్య నుంచి తొండాలు చాచి చూస్తున్నాయి. బావ కెమెరా పక్కన పెట్టేశాడు.

జాంబియాలో దీనికి దీటైనది సౌత్ లువాంగ్వా పార్కు. వాకింగ్ సఫారీకి పుట్టిల్లు అది. తుపాకీ పట్టిన స్కౌట్, అంటే పార్కు కాపలాదారు, ముందు నడుస్తుంటే మనం వరసగా వెనక నడవాలి. చిరుతల కోసం రాత్రి జీపులో కూడా తిప్పుతారు. అయితే లివింగ్‌స్టన్ నుంచి లుసాకా మీదుగా ఆ పార్కు దగ్గరి ఎంఫువేకు విమానంలో పోవాలి, ఖర్చు బాగా పెరుగుతుంది. వారం రోజులే ఉంటే హ్వాంగే చాలు. పది పన్నెండు రోజులు ఉండి, నడవగలిగే ఓపిక ఉంటే లువాంగ్వా వదులుకోవద్దు.

తిండికి రెండు చోట్లా టెన్షన్ లేదు. జింబాబ్వేలో సాద్జా అన్నా, జాంబియాలో న్షిమా అన్నా మొక్కజొన్న పిండితో చేసే మన సంకటి లాంటిదే, ఆకుకూరతో చేత్తోనే తింటారు. మలేరియా మాత్రల గురించి మాత్రం బయల్దేరే ముందే డాక్టర్‌ను అడగండి. జింబాబ్వే వైపు చిన్న డాలరు నోట్లు దగ్గరుంచుకోండి, చిల్లర దొరకదు. రెండు దేశాలకూ కలిపి 50 డాలర్ల కాజా యూనివీసా ఉంది. అది మీ పాస్‌పోర్టుకు వర్తిస్తుందో లేదో ముందే చూసుకుంటే, ఎక్కడ దిగినా ఒక పూట వంతెన మీదుగా నడిచి అవతలి ఒడ్డుకు పోయి రావచ్చు.