డ్వాక్రా లోనా, మైక్రోఫైనాన్స్ అప్పా?

పలాసలో జీడిపిక్కల పనికి వెళ్లే మా పిన్నికి రెండు అప్పులూ అనుభవమే, అందుకే చెప్తున్నా. డ్వాక్రా సంఘానికి బ్యాంకు 3 లక్షల వరకు ఇచ్చే లోనుకి వడ్డీ ఏడాదికి 7 శాతం, మన లెక్కలో చెప్పాలంటే నూటికి నెలకి అరవై పైసలు కూడా పడదు. మైక్రోఫైనాన్స్‌లో, అంటే ఆడవాళ్ల గ్రూపులకి చిన్న అప్పులిచ్చే కంపెనీల దగ్గర, రెండు రూపాయల వడ్డీ మామూలే.

కానీ డ్వాక్రాలో తీర్మానం రాయాలి, సంతకాలు పెట్టించాలి, బ్యాంకు చుట్టూ తిరగాలి, అంతవరకు ఆసుపత్రి ఖర్చు ఆగదు కదా! కంపెనీ వాళ్లు ఇంటికే వచ్చి, ఆధార్ చూసి నాలుగు రోజుల్లో డబ్బు వేసేశారు. ఆ తర్వాత వారం వారం పొద్దున్నే వచ్చి అరుగు మీద కూర్చునేవారు. ఒక వాయిదాకి పిన్ని దగ్గర మూడొందలు తక్కువైతే, గ్రూపులో మిగతా ఆడవాళ్లంతా తలా కొంత వేసేదాకా ఎవరినీ పనికి కదలనివ్వలేదు. ఆ రోజు కూలి అందరికీ పోయింది.

2010లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది ఇలాంటి వసూళ్ల మీదే. 2022లో రిజర్వ్ బ్యాంకు కూడా, నెల వాయిదాలన్నీ కలిపి ఇంటి ఆదాయంలో సగం దాటకూడదని నిబంధన పెట్టింది.

మేకలకో కుట్టుమిషన్‌కో అయితే ఆలస్యమైనా డ్వాక్రాయే తీసుకోండి. మైక్రోఫైనాన్స్ తప్పనిసరైతే ఒక్క కంపెనీ దగ్గరే ఆగండి, ఒకటి తీర్చడానికి ఇంకోటి మాత్రం వద్దు.