విజయవాడ కొలువు, స్ప్లిట్ కోటలో కాపురం: ఎనిమిది నెలల అద్దె ఇంటిపై సమీక్ష

క్రొయేషియా దేశంలోని స్ప్లిట్ నగరంలో, రోమన్ చక్రవర్తి డయోక్లెషియన్ కట్టించుకొన్న ప్రాసాదపు గోడల లోపల ఒక ఒంటి గది ఇంటిని అద్దెకు తీసుకొని, అక్టోబరు మొదటి వారం నుంచి మే నెలాఖరు వరకు విజయవాడలోని మా సంస్థ పనిని అక్కడి నుంచే చేశాను. తిరిగి వచ్చింది మొదలు ఆఫీసులో సహోద్యోగులు, గుంటూరులో బంధువులు అడుగుతున్న ప్రశ్న ఒక్కటే: అలాంటి పాతకాలపు ఇల్లు ఉద్యోగం చేసుకొనే మనిషికి పనికివస్తుందా? నా అనుభవంలో చలికాలానికి చక్కగా పనికివస్తుంది, మే నెల వచ్చేసరికి ఏమాత్రం పనికిరాదు. ఐదు చుక్కలకు నాలుగు ఇస్తున్నాను. ఆ తగ్గిన ఒక్క చుక్క ఎందుకు తగ్గిందో చెప్పడానికే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఉండవల్లి గుహలకు మనం టికెట్టు కొని వెళ్లి, పొద్దు గూకేలోగా బయటికి వస్తాం. స్ప్లిట్‌లో, సుమారు 215 మీటర్ల పొడవు, 180 మీటర్ల వెడల్పు ఉన్న ఆ ప్రాసాదంలోనే జనం కాపురాలు ఉంటున్నారు, రెండు గోడల మధ్య తాడు కట్టి బట్టలు ఆరేసుకొంటున్నారు, రోమన్ స్తంభానికి సైకిలు ఆనించి లోపలికి వెళ్తున్నారు. క్రీ.శ. 305లో సింహాసనం వదులుకొన్న చక్రవర్తి అక్కడ శేషజీవితం గడిపాడు. 7వ శతాబ్దంలో పక్కనున్న సలోనా నగరం దాడులకు పాడుపడినప్పుడు ప్రాణభయంతో వచ్చినవారు ఈ గోడల లోపల తలదాచుకొని, ఉన్న గదులనే అడ్డుగోడలు కట్టుకొని ఇళ్లు చేసుకొన్నారు. డయోక్లెషియన్ సమాధి మందిరమే నేడు సెయింట్ డోమ్నియస్ కెథడ్రల్. గుంటూరులో పెరిగిన నాకు ఈ సంగతి తెలిసినప్పుడు అమరావతి గుర్తుకు వచ్చి మనసు కలుక్కుమంది. 18వ శతాబ్దం చివర్లో మన మహాస్తూపం రాళ్లను కట్టడాలకు తరలించుకొనిపోగా, మిగిలిన శిల్పాలు చెన్నై, లండన్ మ్యూజియాలకు చేరాయి. స్ప్లిట్‌లో మాత్రం రాళ్లను పెకలించకుండా వాటి మధ్యనే కాపురం పెట్టినందువల్ల గోడలు నిలిచాయి. నా గదిలో పడమటి గోడ ఆ పాత రాతి గోడే. రోజూ దానికి వీపు ఆనించి కూర్చొన్నాను.

ఆ గోడే నా పనికి మొదటి చిక్కు తెచ్చిపెట్టింది. ఇల్లు కుదిర్చిన మధ్యవర్తి ఇంటర్నెట్టు వేగం గురించి గొప్పగా చెప్పాడు; ఆ వేగం నిజమే, కాని రూటరు ఉన్న వంటగది మూలలో మాత్రమే. మోచేతి పొడవుకు మించిన మందమున్న రాతి గోడను దాటి వైఫై గదిలోకి రానే లేదు. మొదటి వారం వంటగట్టు మీద కంప్యూటరు పెట్టుకొని, నిలబడి మీటింగులలో పాల్గొన్నాను. ఇంటి యజమానురాలు పెద్దావిడ. సంగతి చెప్పగానే తన మనవడి చేత పన్నెండు మీటర్ల వైరు తెప్పించి, తలుపు అంచు వెంబడి మేకులు కొట్టించి, తూర్పు కిటికీ దగ్గర బల్ల వేయించారు. ఆనాటి నుంచి మే వరకు ఒక్క మీటింగు కూడా తెగిపోలేదు. కాబట్టి ఇలాంటి ఇంటిని చూసేటప్పుడు మీరు పనిచేయదలచిన బల్ల దగ్గరే వేగం కొలిచి, దాని ఫొటో పంపమని అడగాలి.

ఇక వేళల సంగతి. అక్టోబరు చివరి ఆదివారం నుంచి మార్చి చివరి ఆదివారం వరకు మనకూ వారికీ నాలుగున్నర గంటల తేడా ఉంటుంది. విజయవాడలో ఉదయం తొమ్మిదిన్నరకు మొదలయ్యే మా పని నాకు తెల్లవారుజామున ఐదింటికే మొదలయ్యేది, సాయంత్రం ఆరున్నరకు ముగిసేది అక్కడ మధ్యాహ్నం రెండింటికే ముగిసేది. ఆ వేళకు లేవడం కష్టమని అందరూ అనుకొంటారు. చిన్నప్పటి నుంచి మా ఇంట్లో వాకిలి ఊడ్చే చప్పుడుకు లేచిన నాకు అది పెద్ద కష్టంగా తోచలేదు. నన్ను నిజంగా బాధించింది డిసెంబరులో సూర్యాస్తమయం. పని ముగించి, అన్నం తిని బయటికి వచ్చేసరికి గట్టిగా రెండు గంటల వెలుగు కూడా మిగలదు, నాలుగున్నర లోపే పొద్దు వాలిపోతుంది. ఆ రెండు గంటలను సముద్రపు ఒడ్డున ఉన్న రీవా అనే నడకబాట మీదనో, మర్యాన్ కొండ మెట్ల మీదనో గడపాలని నియమం పెట్టుకొన్నాను. ఆ నియమం లేకపోతే ఆ రాతి గదిలో మనసు కుంగిపోయేది. మార్చి తరువాత తేడా మూడున్నర గంటలకు తగ్గి, పగలు పెరిగి, ఏప్రిల్ నెల ఎంతో హాయిగా సాగింది.

అద్దె నెలకు 640 యూరోలు, విద్యుత్తు విడిగా. ఇంటిని వెచ్చబరచడానికి ఉన్నది గోడకు బిగించిన ఏసీ ఒక్కటే కనుక జనవరి బిల్లు చూసి గుండె ఝల్లుమంది. ఈశాన్యం నుంచి వీచే బూరా గాలి చలిగా ఉన్నా పొడిగా ఉంటుంది. ఆగ్నేయం నుంచి వచ్చే యూగో గాలికి మాత్రం రాతి గోడ చెమర్చి, బట్టలు మూడు రోజులైనా ఆరేవి కావు.

అనుమతి విషయం క్లుప్తంగా చెబుతాను. దూరం నుంచి పనిచేసే విదేశీయులకు క్రొయేషియా 2021 జనవరి 1 నుంచి ప్రత్యేక నివాస అనుమతి ఇస్తోంది. మీ సంస్థ క్రొయేషియాలో నమోదైనదై ఉండకూడదు, అక్కడి సంస్థలకు మీరు పని చేయకూడదు. ఆ ఆదాయంపై అక్కడ ఆదాయపు పన్ను లేదు. నా జీతానికి పన్ను యథావిధిగా ఇక్కడే కోశారు. పోలీసు క్లియరెన్సు, ఆరోగ్య బీమా, ఆదాయపు రుజువులతో పాటు అక్కడి చిరునామా కూడా చూపించాలి. మా యజమానురాలు స్వయంగా నోటరీ దగ్గరికి వచ్చి ఒప్పందంపై సంతకం చేశారు. ఒప్పందం రాయకుండా ఇల్లు ఇస్తామనేవారిని నమ్మవద్దు.

తిండికి లోటు లేదు. ప్రాసాదపు తూర్పు గోడలోని, వెండి ద్వారం అని పిలిచే గుమ్మం దాటగానే కూరగాయల సంత ఉంది. అక్కడ దొరికే బ్లిత్వా అనే ఆకుకూర మన పాలకూరకు దగ్గరి చుట్టం, కందిపప్పుతో కలిపి వండితే ఇంటి రుచి వచ్చింది. కందిపప్పు, గుంటూరు కారం, గోంగూర పచ్చడి ఇక్కడి నుంచే తీసుకువెళ్లాను. పాల పదార్థాలను యూరోపియన్ యూనియన్‌లోకి వెంట తీసుకుపోనివ్వరు కనుక, అమ్మ కాచి ఇచ్చిన నెయ్యి సీసాను గన్నవరం బయల్దేరే ముందే తిరిగి ఆమె చేతిలో పెట్టవలసి వచ్చింది. "నెయ్యి లేకుండా ముద్ద ఎలా దిగుతుంది నాన్నా" అని ఆమె ప్రతి వారం ఫోనులో అడిగేది.

చుక్క తగ్గింది మే నెల వల్ల. పర్యాటకులు పెద్ద సంఖ్యలో రావడం మొదలయ్యాక తొమ్మిదింటి నుంచే రాతి బాట మీద సూట్‌కేసుల చక్రాల మోత, కిటికీ కింద గైడ్ల వివరణ. మీటింగులలో అవతలివారు నా మాట కన్నా గైడు మాటే ఎక్కువ విన్నారు. కిటికీ మూస్తే గదిలో గాలి ఆడదు. పసిపిల్లలు ఉన్నవారికి కూడా ఈ ఇంటిని నేను సూచించను: అరిగిన రాతి మెట్లు నలభై ఒకటి ఎక్కాలి, పట్టుకోవడానికి కమ్మీ లేదు. అలాంటివారు పడమటి గోడకు బయట, మర్యాన్ కొండ పాదాన ఉన్న వారోష్ పేటలో వెతుక్కొంటే గాలి, నిశ్శబ్దం రెండూ దొరుకుతాయి, కోటలోకి నడిచి రావడానికి కొద్ది నిమిషాలే పడుతుంది.

జూన్ నుంచి సెప్టెంబరు వరకు యజమానురాలు ఈ ఇంటిని పర్యాటకులకు రోజువారీ అద్దెకు ఇచ్చుకొంటారు, అక్టోబరులో మళ్లీ నెలవారీకి ఇస్తారు. తీసుకోదలచినవారు ఆగస్టులోపే ఉత్తరం రాసి, ఖాళీ చేయవలసిన తేదీని ఏప్రిల్ 30గా ఒప్పందంలో రాయించుకోవాలి. ఆ పన్నెండు మీటర్ల వైరును తలుపు అంచుకే వదిలి వచ్చాను.