పెళ్లిసంబంధాల బ్యూరోను నమ్మి అమెరికా స్పాన్సర్‌షిప్ సంతకం పెట్టబోయేవారికి జాగ్రత్త హెచ్చరిక

అమెరికా పౌరసత్వమో గ్రీన్ కార్డో ఉండి, మన ఊళ్లలోని పెళ్లిసంబంధాల బ్యూరోలకు ఫీజు కట్టి సంబంధం వెతుక్కుంటున్న వారి కోసం ఇది రాస్తున్నాను. నేను కట్టింది 85,000 రూపాయలు. అది తిరిగి రాదని ఎప్పుడో వదిలేసుకున్నాను. కానీ ఆ బ్యూరో చూపించిన వ్యక్తిని అమెరికాకు రప్పించడానికి నేను పెట్టిన ఒక సంతకం మాత్రం విడాకులు వచ్చిన తరువాత కూడా నన్ను వదలలేదు.

నేను డాలస్ శివార్లలో ఒక ల్యాబ్‌లో పనిచేస్తాను. మొదటి పెళ్లి నిలవలేదు కాబట్టి, రెండోసారి తెలిసినవారి ద్వారా కాకుండా, "ఇల్లు, ఉద్యోగం, కుటుంబం అన్నీ మా మనిషి స్వయంగా వెళ్లి చూసి వచ్చాడు మేడమ్" అని చెప్పిన బ్యూరో ద్వారా వెళ్లడమే క్షేమమనుకున్నాను. 2021 జూన్‌లో విజయవాడలో పెళ్లి జరిగింది. మర్నాడు ఉదయం వ్రతం పీటల మీద కూర్చోకముందే అతను రిజిస్ట్రేషన్ అంటూ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు బయలుదేరదీశాడు. "ఇంత తొందరేమిటే?" అని మా పిన్ని అడిగితే, వీసా పనులు ఆమెకేం తెలుసులే అని నవ్వి ఊరుకున్నాను.

తరువాతి నెలలోనే, భర్తను రప్పించుకునే పిటిషన్ ఐ-130 దాఖలు చేశాను. ముంబై కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ ముగిసి అతను 2023 ఏప్రిల్‌లో వచ్చాడు. అప్పటికి పెళ్లయి రెండేళ్లు నిండలేదు కనుక, 1986 నాటి చట్టం ప్రకారం అతనికి రెండేళ్ల షరతుల గ్రీన్ కార్డే ఇచ్చారు, అంటే కాపురం నిజమైనదని తరువాత రుజువు చూపితేనే అది నిలుస్తుంది. వచ్చిన మొదటి వారం నుంచి అతను కరెంటు బిల్లు, ఇంటి అద్దె ఒప్పందం, బ్యాంకు ఖాతా అన్నిటిలో తన పేరు చేర్పించి, హోటల్లో దోసె తిన్న బిల్లుతో సహా ఇద్దరి పేర్లో ఫోటోలో ఉన్న ప్రతి కాగితాన్నీ తేదీల వారీగా ఒక నీలం ప్లాస్టిక్ ఫోల్డర్‌లో సర్దేవాడు. పద్ధతిగల మనిషి అని మురిసిపోయాను. నవంబరులో న్యూజెర్సీలో రెండు నెలల ప్రాజెక్టు ఉందని చెప్పి వెళ్లినవాడు ఇక తిరిగి రాలేదు. బీరువా తెరిచి చూస్తే మా అమ్మ పెట్టిన పట్టుపంచెలు మడత నలగకుండా ఉన్నాయి. నీలం ఫోల్డర్ లేదు.

అతను వదిలేసిన పాత సూట్‌కేసు లోపలి అరలో బ్యూరో రసీదు ఒకటి దొరికింది. అడ్వాన్సు ముట్టినట్టూ, మిగిలిన 3,00,000 రూపాయలు "వీసా స్టాంపింగ్ తరువాత" చెల్లించాలనీ దాని మీద చేత్తో రాసి ఉంది. పెళ్లి కుదిర్చినందుకు వరుడి దగ్గర ఫీజు తీసుకోవడంలో తప్పు లేదు, కానీ ఆ ఫీజుకు గడువు మూడు ముళ్లు కాకుండా వీసా ఎందుకైందని అడిగితే, బ్యూరో వారు నా రసీదు వెనుక సన్నటి అక్షరాలతో ఉన్న "వివరాలకు సంస్థ బాధ్యత వహించదు" అన్న వాక్యాన్ని చూపించారు.

ఇక అసలు విషయం ఐ-864. అఫిడవిట్ ఆఫ్ సపోర్ట్ అనే ఈ కాగితాన్ని అందరూ ఆదాయం రుజువు అనుకుని టాక్స్ రిటర్నులు జతచేసి సంతకం పెట్టేస్తారు. నేనూ అదే చేశాను. నిజానికి అది అమెరికా ప్రభుత్వంతో మనం చేసుకునే ఒప్పందం. మనం రప్పించిన వ్యక్తి ఆదాయం ఫెడరల్ పేదరిక ప్రమాణంలో 125 శాతానికి తగ్గకుండా చూసే పూచీ మనది. 2025 లెక్క ప్రకారం ఒక్క మనిషికి అది ఏడాదికి 19,562 డాలర్లు. అంతకన్నా తక్కువ వస్తోందని చెప్పి ఆ వ్యక్తే మన మీద కోర్టుకు వెళ్లవచ్చు. అవతలి వ్యక్తి పౌరసత్వం తీసుకున్నా, 40 త్రైమాసికాల (సుమారు పదేళ్ల) పని లెక్కకు వచ్చినా, నివాస హోదా వదిలి దేశం విడిచి వెళ్లినా, ఇద్దరిలో ఒకరు మరణించినా తప్ప మామూలుగా ఈ బాధ్యత తీరదు. విడాకులు ఈ జాబితాలో లేవు.

2025 జనవరిలో, భార్యాభర్తలిద్దరూ సంతకం పెట్టాల్సిన, షరతులు తొలగించే ఐ-751 దరఖాస్తు గడువు మొదలవగానే, "ఒక్క సంతకం పెట్టు, విడాకులకు అడ్డు చెప్పను" అని అతని దగ్గర నుంచి మెసేజ్ వచ్చింది. ఏడాదికి పైగా విడిగా ఉంటూ, కలిసి కాపురం చేస్తున్నామని సంతకం పెడితే అది నా నేరమవుతుందని లాయరు చెప్పడంతో నిరాకరించాను. జూన్‌లో విడాకులు వచ్చాయి. ఆ తరువాత అతని లాయరు పంపిన ఉత్తరంలో రెండు సంగతులున్నాయి: విడాకుల మినహాయింపు కింద అతను ఒంటరిగా దరఖాస్తు పెట్టుకున్నాడు, ప్రస్తుతం ఉద్యోగం లేదు కనుక ఐ-864 ప్రకారం భరణం నేను ఇవ్వాలి.

మోసం జరిగిందని ఇమిగ్రేషన్ శాఖకు ఆధారాలతో ఫిర్యాదు చేశాను. ఇమిగ్రేషన్ కోసమే పెళ్లి చేసుకున్నట్టు రుజువైతే ఐదేళ్ల వరకు జైలు, 2,50,000 డాలర్ల వరకు జరిమానా విధించే చట్టం ఉంది. అయితే చెడిపోయిన ప్రతి కాపురమూ మోసం కాదు, పెళ్లి నాటికే ఉద్దేశం వేరని తేలాలి, అందుకే ఆ రసీదును ప్రాణంలా దాచుకున్నాను. ఇంకో మాట కూడా చెప్పాలి. భర్త కొడుతుంటే అతని సంతకం లేకుండానే హోదా నిలబెట్టుకునే దారి చట్టంలో ఉన్నది మన ఆడపిల్లల వంటివారి కోసమే. నా అనుభవం చూపి ఆ దారిని ఎవరూ తప్పుపట్టవద్దు.

డబ్బు కట్టే ముందు, అవతలి పక్షం నుంచి ఎంత తీసుకుంటున్నారో, ఎప్పుడు తీసుకుంటున్నారో బ్యూరోను రాతపూర్వకంగా అడగండి. ఇల్లూ ఉద్యోగమూ మీ మనిషే వెళ్లి చూడాలి, బ్యూరో మనిషి కాదు. ఐ-864 మీద సంతకం పెట్టకముందే, బ్యూరో కుదిర్చిన కన్సల్టెంటు కాకుండా మీరు ఫీజిచ్చే ఇమిగ్రేషన్ లాయరు దగ్గర ఒక గంట కూర్చోండి. అనుమానం వస్తే, ఆ వ్యక్తికి వీసా జారీ కాకముందే స్పాన్సర్‌షిప్ ఉపసంహరించుకోవచ్చు; వీసా వచ్చాకైతే, ఆ వ్యక్తి దేశంలో అడుగుపెట్టక ముందే అసలు ఐ-130 పిటిషన్‌నే వెనక్కి తీసుకోవాలి. ఆ తరువాత ఆ అవకాశం ఉండదు.

బ్యూరో మీద వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయడానికి రెండేళ్లే గడువన్న సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది, మీరు రసీదులు జాగ్రత్త చేసుకుని ముందే వెళ్లండి. నా పెళ్లిఫోటో ఇంకా వారి ఆఫీసు గోడ మీద, "మేము కుదిర్చిన అమెరికా జంటలు" అన్న వరుసలో వేలాడుతోందని గత నెల అక్కడికి వెళ్లిన మా పిన్ని చెప్పింది. తీసేయమని రెండుసార్లు రాశాను. కనకాంబరం రంగు పట్టుచీరలో ఉన్నది నేనే. ఆ గోడ కింద కూర్చుని ఎవరైనా మీకు ఫారం ఇస్తే, నింపకుండా లేచి రండి.