ఒకే కోర్టు, ఇద్దరు ఎకనామిస్టులు

కంపెనీల విలీనం కేసులో సాక్ష్యం చెప్పే ఎకనామిస్టుకి ముఖ్యంగా రెండు దారులు. మోడల్ కట్టి రేపు ధర ఎంత పెరుగుతుందో లెక్కగట్టడం ఒకటి. ఇలాంటి విలీనాలు జరిగాక ధరలు నిజంగా ఏమయ్యాయో తీసి చూపడం ఇంకోటి. టెలికాం కంపెనీ ఏటీ అండ్ టీ, మీడియా కంపెనీ టైమ్ వార్నర్‌ని కొనకుండా ఆపాలని అమెరికా ప్రభుత్వం వేసిన కేసులో, 2018లో వాషింగ్టన్‌లో ఈ రెండూ ఎదురెదురు నిలిచాయి.

ప్రభుత్వం తరఫున బర్క్‌లీ ప్రొఫెసర్ కార్ల్ షపీరో మోడల్‌ని నమ్ముకున్నారు. టైమ్ వార్నర్‌కి చెందిన టర్నర్ టీవీ చానెళ్లు ఆగిపోతే ఎంత శాతం కస్టమర్లు తమ కేబుల్ కంపెనీని వదిలేస్తారు? వాళ్లలో కొందరు ఏటీ అండ్ టీ టీవీ సర్వీసుకి మారతారు కాబట్టి, లెక్కకి ఆ అంకే ప్రాణం. అవతలి లాయర్లు సరిగ్గా అక్కడే పట్టుకున్నారు. జడ్జి రిచర్డ్ లియోన్‌కి ఆ అంకె మీద నమ్మకం కుదరలేదు. పైగా చానెళ్ల ధర మీద కేబుల్ కంపెనీలతో గొడవొస్తే మధ్యవర్తి దగ్గర తేల్చుకుందామని టర్నర్ ఇచ్చిన ఏడేళ్ల హామీ ఆ లెక్కలోకి రాలేదు.

కంపెనీల తరఫున షికాగో యూనివర్సిటీ ప్రొఫెసర్ డెనిస్ కార్ల్‌టన్ పాత విలీనాల డేటా చూపించి, ధరలు పెరిగిన దాఖలా లేదన్నారు. తీర్పు కంపెనీల వైపే వచ్చింది. 2019లో అప్పీల్ కోర్టూ దాన్నే నిలబెట్టింది.

ఈ ఇద్దరూ వేర్వేరు కాలాల్లో అమెరికా న్యాయశాఖ యాంటీట్రస్ట్ (వ్యాపారంలో పోటీని కాపాడే) విభాగంలో ఆర్థిక విశ్లేషణకి అధిపతిగా పనిచేసినవాళ్లే. కాబట్టి ఏ పక్షం అన్నది ఈ వృత్తిలో అసలు తేడా కాదు. కోర్టులో డేటా దారే తేలిక, ఎందుకంటే జరిగినదాన్ని జడ్జికి చూపించొచ్చు. అయినా నాకు మోడల్ దారి మీదే గౌరవం ఎక్కువ. మునుపెన్నడూ లేని తరహా విలీనం వస్తే, తిరగేయడానికి పాత లెక్కలే ఉండవు.