తిరుపతి హోటల్లో రెండు రోజుల మీటింగ్: హాలుకు నాలుగు స్టార్లు, కాగితాలకు రెండు

మాది చిత్తూరు. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో అడ్మిన్ పని చూస్తాను. తోతాపురి సీజన్ ముగిశాక ఏటా ఒకసారి డీలర్లను, కొనుగోలుదారులను పిలిచి మీటింగ్ పెట్టుకోవడం మా కంపెనీకి అలవాటు. ఇన్నాళ్లూ ఫ్యాక్టరీ ఆవరణలోనే షామియానా వేయించి, వంటమేస్త్రీని పిలిపించి కానిచ్చేవాళ్లం. గత నవంబరు మీటింగ్‌ను తిరుపతిలో పెద్ద హోటల్లో పెడదామని మా ఎండీగారికి బుద్ధి పుట్టింది. "వచ్చినోళ్లు ఎట్లాగూ కొండకు పోవాలంటారు, మీటింగ్ కూడా అక్కడే పెట్టేస్తే పోలా?" అన్నారు. ఆ పని వచ్చి నా నెత్తిన పడింది.

హోటల్ పేరు రాయను. చివర్లో వచ్చిన గొడవ ఎదురెదురుగా కూర్చుని తేల్చుకున్నాం, మళ్లీ దాన్ని వీధికెక్కించడం బాగుండదు. పైగా ఏ పెద్ద హోటల్‌కు వెళ్లినా దాదాపు ఇవే మాటలు, ఇవే కాగితాలు.

ముందు హాలు సంగతి. శుభ్రంగా ఉంది, ఏసీ బాగా పనిచేసింది, రెండు రోజుల్లో మైకు ఒక్కసారి కూడా కీచుమనలేదు. మా ఫ్యాక్టరీ మీటింగులు చూసినవాళ్లకు ఇది ఎంత గొప్పో తెలుస్తుంది. బ్రోచర్లో 250 మంది పడతారని రాసుంది. మేం 130 మందిమి, హాయిగా సరిపోతుందనుకున్నాను. ఆ 250 థియేటర్ స్టైల్ లెక్కట, అంటే సినిమా హాల్లోలాగా ఒట్టి కుర్చీలు. మాకు బల్లలు కావాలి, గుజ్జు శాంపిళ్లు పెట్టి రుచి చూపించాలి, రాసుకోవడానికి చోటుండాలి. బల్లలు వరుసగా వేస్తే అది క్లాస్‌రూమ్ స్టైల్, అదే హాల్లో 120 కుర్చీలు దాటవు. నా ముఖం చూసి బాంకెట్ విభాగం అబ్బాయి కాగితం తీసి గుండ్రాలు గీశాడు. 10 మంది పట్టే రౌండు టేబుల్‌కు ఏడుగురినే కూర్చోబెట్టి, స్టేజీకి వీపు వచ్చే వైపు ఖాళీగా వదలాలి. దాన్ని క్లస్టర్ అంటారట. 19 టేబుళ్లు, 133 కుర్చీలు. కాస్త ఇరుకైనా మెడ తిప్పి చూడాల్సిన అవసరం ఎవరికీ రాలేదు. ఆ అబ్బాయికి నా తరఫున ఐదు స్టార్లు.

తేదీ దొరకడమే పెద్ద కథ. కార్తీకమాసం, ముహూర్తాల రోజులు. మేం అడిగిన శుక్రవారానికి ఒక పెళ్లివాళ్లు ఫస్ట్ ఆప్షన్‌లో ఉన్నారు, మిమ్మల్ని సెకండ్ ఆప్షన్‌లో పెడతాం అన్నారు. వాళ్లు 48 గంటల్లో అడ్వాన్సు కట్టకపోతే హాలు మాకు వస్తుంది. రెండు రోజులు ఎవరి పెళ్లో తప్పిపోవాలని కోరుకున్నట్టు అనిపించి ఇబ్బంది పడ్డాను. తర్వాత తెలిసింది, వాళ్లు ఇంకా పెద్ద హాలు చూసుకున్నారని. మనసు కుదుటపడింది.

కొటేషన్‌లో ప్లేటు ధర "950 ప్లస్ ప్లస్" అని ఉంది. సేల్స్ మేనేజర్ ఆ ప్లస్ ప్లస్‌ను ఎంత వేగంగా చదివేశాడంటే, నేనాపి అడగకపోతే తెలిసేది కాదు. ఒక ప్లస్ జీఎస్టీ, రెండోది సర్వీస్ చార్జి. రెండోదాన్ని కొట్టేయించాను. 18 శాతం పన్నుతో ప్లేటు 1,121 రూపాయలైంది. మా ఎండీగారికి చెప్పాల్సిన అంకె ఇదీ, 950 కాదు.

ఇక భోజనం లెక్క. మా వంటమేస్త్రీ అయితే "ఎన్ని ఆకులు మా?" అని ఒక్క మాట అడుగుతాడు. 100 అంటే మనకు చెప్పకుండానే 110కి వండుతాడు. హోటల్లో అదే సంగతికి మినిమమ్ గ్యారంటీ అని పేరు. మూడు రోజుల ముందు అంకె రాసివ్వాలి. ఆ తర్వాత పెంచుకోవచ్చు, తగ్గించుకోవడం కుదరదు. 90 మందే తిన్నా 130కి కట్టాల్సిందే. గ్యారంటీ మీద ఇంకో 5 శాతం వండి ఉంచుతామన్నారు, అంటే ఆరేడు ప్లేట్లు. ఇంతవరకూ న్యాయంగానే ఉంది.

మొదటి రోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక బాంకెట్ కెప్టెన్ ఒక చిట్టీ తెచ్చి సంతకం పెట్టమన్నాడు. 158 ప్లేట్లు. నాకు అర్థం కాలేదు. పొద్దున రిజిస్ట్రేషన్ బల్ల దగ్గర నేనే దగ్గరుండి మెడ కార్డులు ఇచ్చాను, మొత్తం 134. మిగిలిన 24 మంది ఎక్కడి నుంచి ఊడిపడ్డారు? కెప్టెన్‌ను తీసుకుని ప్లేట్లు కడిగే చోటికి వెళ్లాను. విషయం అక్కడ బయటపడింది. వాళ్లు లెక్కపెట్టేది మనుషుల్ని కాదు, వాడిన ప్లేట్లను. మనవాళ్లు పప్పూ కూరా ఒక ప్లేటులో తిని, పెరుగన్నానికి ఇంకో ప్లేటు తీసుకుంటారు కదా. పులుసు అంటిన ప్లేటులో పెరుగు కలుపుకోవడం ఎవరికిష్టం? కార్డుల జాబితా చూపించాను. కెప్టెన్ మంచివాడు, 158 కొట్టేసి 134 వేశాడు. ఆ రాత్రి నుంచి ప్రతి భోజనానికీ కూపన్లు ఇచ్చాం, మళ్లీ తేడా రాలేదు. ఈ పద్ధతి ముందే చెప్పొచ్చు కదా అంటే, "అడిగినవాళ్లకు చెప్తాం మేడమ్" అన్నాడు.

వంటకు వంక పెట్టలేను. రాత్రి రాగి సంగటి, కోడి పులుసు లైవ్ కౌంటర్ పెట్టారు. పులుసు అసలైన మన రుచి. సంగటి ముద్ద మాత్రం నిమ్మకాయంత చేసి, మీద పుదీనా ఆకు గుచ్చారు. పలమనేరు డీలర్ ఒకాయన నాలుగు ముద్దలు ఒకేసారి ప్లేటులో వేసుకుని "ఇప్పుడు ఒక ముద్ద అయింది" అన్నాడు.

బొంబాయి నుంచి వచ్చినవాళ్లు రేణిగుంటలో దిగి నేరుగా హోటల్‌కు వచ్చేశారు. హైదరాబాదు నుంచి నారాయణాద్రి రైల్లో వచ్చిన 14 మందికి మాత్రం చుక్కెదురైంది. పొద్దున్నే వచ్చి వాలారు, హోటల్ చెకిన్ మధ్యాహ్నం 2 గంటలకు. తిరుపతిలో చాలా లాడ్జీల్లో ఎప్పుడు దిగితే అప్పటి నుంచి 24 గంటల లెక్క. ఇక్కడా అంతే అనుకున్నాను, అడగనే లేదు. అందరూ బ్యాగులు పెట్టుకుని లాబీలో కూర్చున్నారు. రెండు గదులు వాష్ అండ్ చేంజ్‌కు తెరిచారు, అంటే స్నానం చేసి బట్టలు మార్చుకోవడానికి మాత్రమే. డబ్బు తీసుకోలేదు. కాంట్రాక్ట్‌లోనే రాయించుకుని ఉంటే ఆ గంటసేపు టెన్షన్ తప్పేది.

ఇప్పుడు అసలు గొడవ. 60 గదులు, రెండు రాత్రులు బ్లాక్ చేశాం, గది 4,200. కాంట్రాక్ట్‌లో అట్రిషన్ అని ఒక పేరా ఉంది. మా ఆఫీసులో అట్రిషన్ అంటే పనివాళ్లు మానేసి వెళ్లిపోవడం. నెల నెలా నేనే ఆ రిపోర్టు తయారుచేస్తాను. వాళ్ల హోటల్ స్టాఫ్ మానేస్తే మనకెందుకులే అని పేజీ తిప్పేశాను. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

హోటల్ భాషలో అట్రిషన్ అంటే మనం పట్టి ఉంచమన్న గదుల్లో వాడకుండా వదిలేసినవి. 60 గదులు, రెండు రాత్రులు, 120 రూమ్ నైట్లు. అందులో 80 శాతం, అంటే 96, వాడినా వాడకపోయినా కట్టాలి. మావాళ్లు వాడింది 81. తక్కువపడిన 15కు 63,000, పన్ను అదనం. బిల్లులో ఆ లైను చూసి నాకు కాళ్లాడలేదు.

ఎందుకు తగ్గాయో ఆరా తీశాను. కొండ మీదికి 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లు టీటీడీ చాలా ముందుగానే ఆన్‌లైన్‌లో విడుదల చేస్తుంది. మా ఆహ్వానాలు వెళ్లేసరికి ఆ తేదీల టికెట్లు అయిపోయాయి. దర్శనం లేదని కొందరు రెండో రాత్రి ఉండకుండా వెళ్లిపోయారు. మరికొందరు టీటీడీ వసతి గృహాలు శ్రీనివాసంలో, విష్ణునివాసంలో దిగారు. ఇంకో రకం ఉంది, అదే నన్ను కాపాడింది. సెల్లులో యాప్ తెరిచి చూస్తే ఇదే హోటల్లో గది మా రేటు కంటే 600 తక్కువకు కనబడిందట. వాళ్లు నేరుగా బుక్ చేసుకున్నారు. ఉన్నది అదే హోటల్లో, వచ్చింది మా మీటింగ్‌కే. మా బ్లాక్‌లో మాత్రం వాళ్ల గదులు ఖాళీ.

చివరి రోజు సాయంత్రం ఫ్రంట్ ఆఫీసు అబ్బాయితో కూర్చున్నాను. నా దగ్గర కార్డుల జాబితా, అతని ముందు గెస్టుల జాబితా. ఒక్కో పేరు నేను చదవడం, అతను వెతకడం. గంటన్నర పట్టింది, మధ్యలో రెండుసార్లు కాఫీ తెప్పించాడు. తొమ్మిది రూమ్ నైట్లు దొరికాయి. బయట నుంచి బుక్ చేసుకున్నవి కలపాలని కాంట్రాక్ట్‌లో లేదు, అయినా జనరల్ మేనేజర్ ఒప్పుకున్నారు. 15 కాస్తా ఆరైంది. 25,200 కట్టి బయటపడ్డాం. అంత తగ్గించినందుకు కృతజ్ఞత ఉంది. సంతకం రోజున ఆ పేరా మీద వేలు పెట్టి "ఇది చూసుకోండి మేడమ్" అని ఒక్క మాట అనలేదన్న బాధా ఉంది.

ఒక్కదాంట్లో మాత్రం ముందే జాగ్రత్తపడ్డాను. నవంబరంటే మాకు 2021 గుర్తొస్తుంది, తిరుపతి వీధులు ఏరులై పారాయి, ఘాట్ రోడ్లు మూసేశారు. అందుకే ఫోర్స్ మెజూర్ అన్న క్లాజు చిత్తూరు కోర్టులో పనిచేసే మాకు తెలిసిన ప్లీడరుగారికి చూపించాను. "దైవాధీనమమ్మా, మనిషి చేతిలో లేనిది జరిగితే ఎవరు నష్టపోవాలో చెప్పే రాత" అన్నారు. వరద, తుపాను అని ఉన్నచోట రోడ్డు మూసివేత, విమానాల రద్దు కూడా చేర్పించారు. ఆ రెండు రోజులూ చినుకు పడలేదు.

ఇంకోటి. మీటింగ్‌కు ముందు వచ్చే ఫంక్షన్ ప్రాస్పెక్టస్‌ను, వాళ్లు ఎఫ్.పి. అంటారు, ప్రతి గీతా చదవండి. వంటగది, కరెంటు, మైకు, కుర్చీలు అన్నీ ఆ కాగితం చూసే నడుస్తాయి. మాదాంట్లో 10:45 టీ 11:45 అని పడింది. దిద్దించకపోతే గంటసేపు ఆవలింతలే.

ఈ వారం సేల్స్‌వాళ్లు వచ్చే నవంబరుకు కొటేషన్ పంపారు. 80 శాతం దగ్గర పెన్సిల్‌తో 70 రాశాను. మా మీటింగ్‌కు వచ్చినవాళ్లు ఎక్కడ నుంచి బుక్ చేసుకున్నా మా లెక్కలోకే రావాలని ఒక లైను చేర్చి తిప్పి పంపాను. ఇంకా జవాబు రాలేదు. షామియానా అతను మాత్రం ఇప్పటికే రెండుసార్లు ఫోన్ చేశాడు.