చలికాలం తేలిక గాలానికి బ్రెయిడా, నైలానా?

చలికి మందగించిన చేప ఎరను లాక్కుపోదు, నోట్లో పెట్టుకుని అక్కడే ఊసేస్తుంది. హార్బర్ గోడ పక్కన ఆరేడు మీటర్ల లోతులో, 2 గ్రాముల జిగ్ (బరువు తలతో ఉండే కొక్కెం) మీద ఆ చిన్న తాకిడి చేతికి తెలియాలంటే సాగని బ్రెయిడ్ (సన్నని పోగులతో అల్లిన) లైనే కావాలి. మందం చెప్పే పీఈ నంబరు 0.3 లేదా 0.4 చాలు. చివర మీటరు ఫ్లోరోకార్బన్ లీడర్ (రాపిడికి ఆగే లైను ముక్క) తప్పనిసరి, లేకపోతే గోడకు పట్టిన గుల్లలు ఒక్క రాపిడికే తెంపేస్తాయి. అసలు తలనొప్పి గాలితోనే. బ్రెయిడ్ సాంద్రత సుమారు 0.97 (నీటిది 1), అంటే నీటి మీద తేలుతుంది. పక్కగాలికి విల్లులా వంగి జిగ్‌ను పైకి లేపేస్తుంది. విసిరిన వెంటనే రాడ్ కొనను నీటి దగ్గరకు దించి, మిగులు లైను చుట్టేయాలి.

లోతు తక్కువ ఉన్న చెరువుకి 3, 4 పౌండ్ల బలం ఉన్న నైలాన్ (ఒంటి పోగు లైను) హాయి. కాస్త సాగుతుంది కాబట్టి మెత్తని మూతి చిరగదు. కానీ చలికి బిరుసెక్కి చుట్టలు చుట్టలుగా ఊడొస్తుంది. ముందే ఓ ఇరవై మీటర్లు లాగి సాగదీయండి.

సున్నా డిగ్రీల కింద బ్రెయిడ్ మోసుకొచ్చిన నీరు గైడ్లలో (రాడ్ మీది రింగుల్లో) గడ్డకడుతుంది. బలవంతంగా చుట్టొద్దు, రాడ్ కొన నీళ్లలో ముంచి కరిగించండి. అలాంటి ఉదయాల్లో హార్బర్‌లోనూ నైలానే నయం.

రీలు ఒకటే ఉంటే బ్రెయిడ్ ఎక్కించండి. చెరువుకి వెళ్లినప్పుడు లీడర్ రెండు మీటర్లు చేసి, డ్రాగ్ (చేప లాగితే రీలు లైను వదిలే బిగువు) వదులు చేస్తే సరి.